తోమి ఇచ్చిన ల్యాప్‌టాప్

టీచరమ్మ పోయిందని బాపట్ల నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను తెనాలిలో మా పంపు దగ్గర గిన్నెలు తోముతున్నాను. చేతులకు నురగ ఉందని ఫోను మనవరాలే నా చెవి దగ్గర పెట్టింది. విన్నాను. విని, చేతిలో ఉన్న గిన్నె తోమడం పూర్తిచేసి బోర్లించాను. మనిషి పోయిందంటే గిన్నె కింద పెట్టనిదానివి ఏం మనిషివని మీరు అడగొచ్చు. అడగండి. అంతకంటే సిగ్గుపడవలసినది చెప్పుకోవడానికే ఇది రాయిస్తున్నాను.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా మీద ప్రేమకొద్దీ ఎక్కడైనా మాట మెత్తబరుస్తుందేమోనని, రాసినదల్లా చదివించుకుని వింటున్నాను. టీచరమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళు వేస్తున్న జ్ఞాపకాల పుస్తకంలో దీన్ని ఉన్నదున్నట్టు వేయాలి.

ఆమె రేపల్లె వైపు ఊళ్ళలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక తెనాలి వచ్చి మా పక్క వాటాలో దిగింది. ఆమె ఇంటికీ నా ఇంటికీ ఒకటే గోడ. ఆదివారం చర్చికి తెల్ల చీర, మిగతా రోజుల్లో ముదురు రంగు నేత చీరలు. నేను నలభై ఏళ్ళు పెళ్ళి వంటల దగ్గర గిన్నెలు తోమినదాన్ని. కొలకలూరు నుంచి చుండూరు దాకా ఎక్కడ పందిరి వేసినా అన్నం గుండిగలు నా చేతిలోకి రావలసిందే. నేను తోమిన గుండిగలో మొహం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. ఆ గొప్ప నాకు ఉండేది.

ఆమె ఏం వండినా ఒక గిన్నె మా ఇంటికి వచ్చేది. ఒకరి గిన్నె తిరిగిచ్చేటప్పుడు తళతళలాడాలి, ఉత్తది పంపకూడదు. తోమి, చిన్న బెల్లం ముక్కైనా వేసి ఇవ్వాలి. నేనలాగే ఇచ్చేదాన్ని. ఆమె మాత్రం నా గిన్నెలో నీళ్ళు పోసి ఒకసారి తిప్పి ఇచ్చేసేది. అడుగున పసుపు మరక అలాగే ఉండేది.

"అంత చదువుకున్నారు, గిన్నె తోమడం నేర్చుకోలేదేంటి టీచరమ్మా?" అని దెప్పాను ఒకసారి.

"నేను తోమినా మీరు మళ్ళీ తోముతారుగా అక్కయ్యగారూ. మీ పని మీకు మిగిల్చాను" అంది నవ్వుతూ.

నాకు సంతకం నేర్పాలని నోటు పుస్తకం తెచ్చింది. అక్షరం వంకర పోయిందని నేను కాగితం పర్రున చించేశాను. "చించకండి. తప్పు వస్తే ఒక గీత కొట్టి పక్కన మళ్ళీ రాయండి. ఎక్కడ తప్పామో కనపడుతుంటేనే చెయ్యి తిరుగుతుంది" అనేది. మూడు రోజులు పట్టు పట్టింది. నేను నాలుగో రోజు పుస్తకం అటక మీద పెట్టేశాను.

సాయంత్రాలు గోడ అవతల పిల్లల గొంతులు వినపడేవి. ట్యూషన్ చెబుతోందనుకుని వెళ్ళి చూస్తే ఒక్కతే కూర్చుని ఉంది. తన బడిలో చదవడం వచ్చిన ప్రతి పిల్లచేతా ఒక పాఠం చదివించి, ఆ గొంతు దాచుకుందట. వాటిలో ఒక పాప గొంతు ఎక్కువసార్లు వినపడేది. ముందు అందులోనే టీచరమ్మ గొంతు, "గోడకి వినపడాలి" అనేది. అప్పుడు ఆ పాప గొంతు పెంచి చేపల పాఠం మొదలుపెట్టేది. 'వల' అన్న మాట దగ్గర తడబడి, పకపకా నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చదివేది. ఆ పాప ఎనిమిదేళ్ళకే జ్వరంతో పోయింది. వాళ్ళమ్మ ఏడాదికోసారి రేపల్లె నుంచి వచ్చి, అది విని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేది. ఆ తల్లి దగ్గర పాప ఫొటో ఉంది, గొంతు లేదు. గొంతు టీచరమ్మ దగ్గరే ఉంది. ఎందులో ఉందో నేనెప్పుడూ అడగలేదు. ఏదో టేపులో ఉంటుందనుకున్నాను.

నిరుడు ఎండాకాలంలో మనవరాలు కాలేజీ పని కోసం టీచరమ్మ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుంది. నెల వాడేసరికి అది నత్తలా నడవడం మొదలుపెట్టింది, పిలవని బొమ్మలేవో వచ్చి పడుతున్నాయి. వైరస్ ఎక్కినట్టుంది, ఆదివారం వచ్చి చూస్తాను, అప్పటిదాకా ముట్టుకోవద్దని చెప్పి మనవరాలు పరీక్షకు బాపట్ల వెళ్ళింది. మన చేతిలో మురికైన వస్తువు ఆదివారం దాకా ఇంట్లో పెట్టుకోవడం నావల్ల కాలేదు. చీర కొంగులో చుట్టుకుని మార్కెట్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే సాయిబుగారి కొట్టుకు తీసుకెళ్ళాను.

ఆయన తెరిచి చూశాడు. "కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేసేయొచ్చు మామ్మగారూ. కానీ లోపల దాచుకున్నవన్నీ పోతాయి. టీచరుగారిని ఒక్క మాట అడగండి. ఫోన్ కలపమంటారా?"

"ఎంగిలి గిన్నె తిరిగిస్తూ, తోమమంటారా అని అడుగుతామా ఎక్కడైనా? నువ్వు చెయ్యి."

ఆయన మళ్ళీ అడిగాడు. నేను కసిరాను. మీ ఇష్టమండి అని పని మొదలుపెట్టాడు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. తెర మీద అంకెలు పెరుగుతుంటే, మాడిన గుండిగకి అడుగు వదులుతున్నంత తృప్తిగా చూశాను.

పైన బెల్లం పొట్లం పెట్టి తెచ్చి టీచరమ్మకి ఇచ్చాను. కడిగిన ముత్యంలా చేయించాను చూసుకోమన్నాను. ఆమె మూత తెరిచి చాలాసేపు చూసింది. ఏదో వెతికింది. తర్వాత తెరను అరచేత్తో ఒకసారి తుడిచింది.

"అవునండి అక్కయ్యగారూ. కొత్తదానిలా ఉంది" అని, బెల్లం చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంది. అంతే. అది మా ఇంట్లో ఉన్న నెలలాగే, తిరిగిచ్చాక కూడా గోడ అవతల పిల్లల గొంతులు వినపడలేదు. ఒంట్లో బాగాలేదేమోలే అనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఆ రేపల్లె తల్లి వచ్చింది. నేను గోడ ఇవతల బియ్యం ఏరుతున్నాను.

"పోయిందమ్మా" అంది టీచరమ్మ. "కంప్యూటర్‌లోంచి అన్నీ పోయాయి. నా చేతుల్లోనే పోయాయి. నన్ను క్షమించు."

ఆ తల్లి అంది, "మీ దగ్గర భద్రంగా ఉంటుందనుకున్నానండి."

గోడకి వినపడింది. ఏం చేశానో నాకప్పుడు తెలిసింది. గుమ్మం దాటితే నాలుగడుగులు. వంట మేస్త్రీలతో, పెళ్ళివారితో నడిరోడ్డు మీద తగువు పడిన నోరు నాది. ఆ నాలుగడుగులు వేయలేకపోయాను. ఆ తల్లి మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. మర్నాడు టీచరమ్మ ఎప్పటిలాగే చేపల పులుసు పంపింది. తిన్నాను. గిన్నె తోమి, బెల్లం వేసి పంపాను.

తర్వాత ఎనిమిది నెలలు బతికింది ఆమె. చివరి రోజుల్లో బాపట్లలో చెల్లెలి దగ్గరికి వెళ్ళి అక్కడే పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ ఒక్క మాట చెప్పలేదు.

రేపల్లె చర్చిలో ఆమె కోసం ప్రార్థన పెట్టినప్పుడు ఒకాయన లేచి మాట్లాడాడు. పాపం చివర్లో మతిమరుపు వచ్చింది, పిల్లల గొంతులన్నీ పోగొట్టుకుంది అన్నాడు. నా ముందు వరసలో ఆ తల్లి తల వంచుకుని వింది. నేను అప్పుడూ లేవలేదు. తిరుగు బస్సులో మనవరాలికి అంతా చెప్పాను. తెలియక చేశావులే అమ్మమ్మా అంది. తెలియక చేసింది ఒక్క పూటే. తెలిసి దాచింది ఎనిమిది నెలలు.

అమ్మా, మీ పాప గొంతు పోగొట్టింది టీచరమ్మ కాదు. నేను. ఆమెకు మతిమరుపు రాలేదు. నన్ను నలుగురిలో నిలబెట్టడం ఇష్టంలేక ఆ మాట తన మీద వేసుకుంది. చదువు రాదు గానీ, విన్నది నేను మరిచిపోను. పాప ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఏ మాట దగ్గర తడబడిందో, ఎంతసేపు నవ్విందో నాకు తెలుసు. నాది ముసలి గొంతు, మీ పాపది కాదు. అయినా మీరొస్తే ఆ పాఠం అలాగే చెబుతాను. నా మొహం చూడడం ఇష్టంలేక రాకపోయినా మీ తప్పు లేదు.

మొన్న టీచరమ్మ చెల్లెలు ఇల్లు సర్దుతూ, ఇది మీదేనటండి అని నా గిన్నె ఒకటి తెచ్చి ఇచ్చింది. నీళ్ళు పోసి తిప్పిన గిన్నె. అడుగున పసుపు మరక గుండ్రంగా అలాగే ఉంది. రెండుసార్లు పీచు చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడది అలమారలో పై అరలో ఉంది. పొద్దున్నే ఇంట్లో గిన్నెలన్నీ పంపు దగ్గరికి వెళతాయి. ఆ ఒక్కటీ వెళ్ళదు.