తారు డబ్బాల గోడలు, నాపరాతి నేల

ఇనుమును కోస్తున్నప్పుడు లేచే కాలిన వాసన, ఆ వెంటనే దాని మీద పూసే ఎర్రరంగు వాసన, రెండూ కలిసి ముక్కుకు తగిలితే ఈ వయసులో కూడా నాకు ఆకలేస్తుంది. మొన్న ప్రొద్దుటూరు బైపాసు పక్కన, మా కూతురి కొడుకు చరణ్ అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో అడుగు పెట్టగానే అట్లాగే అయింది. సిమెంటు మూటలు మోసి మోసి తుప్పుపట్టిన రెండు చక్రాల ట్రైలర్ ఒకటి చవకగా కొన్నాడు వాడు. దాని మీద గూడు కట్టి, పరుపులు వేసి, వెనక తలుపును కిందికి దించితే వంటబల్ల అయ్యేటట్టు చేసి, జీపుకు తగిలించి గండికోట లోయ అంచుదాకా దారీతెన్నూ లేని రాళ్లలో లాక్కుపోతాడట. బెంగుళూరు నుంచి వచ్చేవాళ్లు అద్దె కట్టి అందులో పడుకుంటారట.

"అడుగున ఏం వేస్తాండావురా?" అని అడిగాను.

"ప్లైవుడ్డు తాతా. దాని మీద రబ్బరు షీటు."

"నాపరాయి వేస్తే చల్లగుంటాది గదా."

వాడూ, వాడి స్నేహితులూ పగలబడి నవ్వారు. "ట్రైలర్లో బండలా? ఎర్రోడు గూడా వెయ్యడు తాతా! ఇరుసు ఇరిగి కూచ్చుంటాది."

నేను కూడా నవ్వినట్టే ముఖం పెట్టాను. ట్రైలర్లో నాపరాళ్లు పరిచిన మనిషి మా నాయన.

మా నాయన రోడ్డింజను డ్రైవరు. కంకర మీద నడిచి రోడ్డును చదును చేసే ఆ బొగ్గు ఇంజను ఎంత నెమ్మదిగా పోయేదంటే, తలమీద గడ్డిమోపు పెట్టుకున్న ముసలమ్మ కూడా దాన్ని దాటిపోయి, వెనక్కి తిరిగి చూసి నవ్వేది. సాయంత్రం అది ఎక్కడ ఆగితే నాయన అక్కడే పడుకోవాలి. వదిలి వస్తే బొగ్గు పోతుంది, ఇత్తడి మరలు పోతాయి. అందుకని నాయన జమ్మలమడుగు దాటి ఎక్కడో రోడ్డు పక్కన, నేను బడి కోసం ప్రొద్దుటూరులో మేనత్త ఇంట్లో, అమ్మ చంటిబిడ్డ ఓబులమ్మతో పులివెందుల దగ్గర వేములలో పుట్టింట్లో, ఇట్లా మూడు చోట్ల మూడు పొయ్యిల మీద మా సంసారం ఉడుకుతుండేది. మేనత్త చెడ్డది కాదు. కాని మామ అన్నానికి కూర్చున్నప్పుడల్లా నా కంచం వైపు ఒకసారి చూసి, మళ్లీ తన కంచంలోకి చూసుకునేవాడు. నేను రెండో ముద్ద అడగకుండానే లేచిపోయేవాణ్ణి. అమ్మ కనబడినప్పుడు చెప్పాల్సినవి మరిచిపోకూడదని ఏ రోజువి ఆ రోజు లెక్కల పుస్తకం వెనక రాసి పెట్టుకునేవాణ్ణి. నా డైరీల అలవాటు అక్కడ మొదలైంది.

మేమంతా ఒక్కచోట ఉండాలన్నదే అమ్మ కోరిక. నాయన వేములకు వచ్చిన ప్రతిసారీ అదే మాట. "నీ కొడుకుకు చెల్లెలి మొగం తెలీదు, నీ కూతురుకు నీ మొగం తెలీదు. ఇంగ నాకెందుకప్పా ఈ తాళి?" అనేది. ఇంజను ఇంటికి రాదు కాబట్టి, ఇంటినే ఇంజను వెనక కట్టాలని నాయనకు ఆలోచన వచ్చింది.

ప్రొద్దుటూరులో రోడ్డు కంట్రాక్టరు దొడ్డిలో తారు డబ్బాలు మోసే ట్రైలర్ ఒకటి చక్రాలు ఊడి పడి ఉండేది. నాయన అడిగితే ఆయన, "తుప్పు తినే దాన్ని నేనేం జేసుకుంటానప్పా, తీస్కపో" అన్నాడు. ఆ మాట తప్ప వేరే కాగితమేదీ లేదు. ఆ ఊళ్లోనే పరుపులు కుట్టే మస్తాన్ మామ నాయనకు ప్రాణస్నేహితుడు. ఇంజను మరమ్మతుకని ఆ దొడ్డికే వచ్చిన ఆ మాఘమాసమంతా ఇద్దరూ ఆ ట్రైలర్ కిందే ఉన్నారు. చక్రాలు ఎక్కించి, కుదుపులు తగ్గేటందుకు పాత లారీ కమాన్లు తెచ్చి బిగించారు. ఖాళీ తారు డబ్బాలను నిలువునా కోసి, ఇంజను చక్రం కింద పెట్టి చదును చేసి గోడలుగా కొట్టారు. వెదురుబద్దలు వంచి, మస్తాన్ మామ కుట్టిన మందపాటి కిత్తాను గుడ్డను పైన కప్పారు. వెనక పలకను గొలుసులతో కిందికి దించితే పొయ్యి పెట్టుకునే అరుగయ్యేది. అడుగున నీళ్ల పీపా, దానికి కొళాయి. పడుకునే బల్లల కింద బియ్యానికి, బట్టలకు పెట్టెలు. పైన అడ్డంగా వేసిన ఇనుపకమ్మీకి చీర ఉయ్యాల. నేను బడి వదలగానే పరుగెత్తి పోయి, ఇనుము వాసనలో, రంగు వాసనలో కూర్చొని, మస్తాన్ మామ తన సద్దిమూటలోంచి తీసిచ్చే జొన్నరొట్టె, చెనక్కాయల పొడి తినేవాణ్ణి. నా కంచం వైపు ఎవరూ చూడని చోటు అదొక్కటే. ఆ వాసనకు ఇప్పటికీ ఆకలెందుకవుతుందో చెప్పాలంటే ఇంతకన్నా కారణం లేదు.

అమ్మ వచ్చి అంతా చూసింది. అరుగు చూసి మురిసింది. కింద చెక్క చూసి మూతి ముడిచింది. "బండలు లేకుంటే అది ఇల్లా, పందిరా? పొయ్యి కాడ నీళ్లు పడితే యాడికి పోతాయి?"

మా వైపు నాపరాయి లేని నేలను నేల అనరు. నాయన మరునాడే బండలు తెప్పించాడు.

మస్తాన్ మామ బీడీ ఆర్పి, "ఏందిప్పా, బండి కడ్తాండావా, మేడ కడ్తాండావా?" అని ఎగతాళి చేశాడు.

"లాగేది ఎద్దులు గాదులే మామా, ఇంజను. మేడనైనా లాగతాది," అన్నాడు నాయన. రోజంతా అంత బరువున్న యంత్రం మీద కూర్చునేవాడికి బరువంటే భయముండదు. మా నాయన చేసిన తప్పు అదొక్కటే.

ఉగాది నాటికి, నా బడి సంగతి ఎండాకాలం తరువాత చూసుకుందామని, మేము నలుగురం ఆ ఇంట్లో దిగాము. వెనక పలక అరుగు మీద అమ్మ ఓళిగలు కాల్చింది. బెల్లం కాలిన వాసన, నెయ్యి వాసన, ఎండకు మెత్తబడిన తారు వాసన, మూడింటినీ కలిపి పీల్చుకుంటూ తిన్నాం. మా బట్టలన్నిటికీ తారు మరకలే. మా ముందు గులకరాళ్ల బాట, మా వెనక నున్నటి రోడ్డు, ఎప్పుడూ ఆ రోడ్డు చివర మా ఇల్లు. మధ్యాహ్నం అమ్మ బండల మీద నీళ్లు చల్లి తుడిచి, తలుపులకు తడిగుడ్డ కట్టేది. బయట కాకి కూడా నోరు తెరుచుకొని కూర్చునే ఎండలో, మేము చొక్కాలు విప్పి ఆ చల్లటి రాతిని కడుపుకు ఆనించుకొని పడుకునేవాళ్లం. నాయన పెన్న ఇసుకలో కాసిన పుచ్చకాయను పగలగొట్టి తలా ఒక ముక్క పెట్టేవాడు. పనికిపోయే ముందు, గట్టిపడిందో లేదో అని మడమతో రోడ్డును నాలుగు సార్లు తొక్కి, చెవి అటు పెట్టి, తల ఊపేవాడు. ఊరూరా పిల్లలు బిళ్లంగోడు ఆటకు పిలిచి, ఓడిపోతే మాత్రం, "పోరా, ఇంటికి తాడు కట్టుకొని తిరిగేటోడా!" అని తిట్టేవాళ్లు. ఆ తిట్టు నాకు ఎంత ఇష్టమో! ఓబులమ్మ ఉయ్యాల నుంచి చెయ్యి జార్చి నా జుట్టు పట్టుకొని నిద్రపోయేది. ఆ ఎండాకాలంలో నేను ఒక్క అక్షరం రాసుకోలేదు. చెప్పాల్సినవాళ్లంతా పక్కనే ఉంటే రాయడమెందుకు?

తొలకరికి ముద్దనూరు దాటాం. మోరీ కట్టడానికి రోడ్డు తవ్వి ఉన్నందున ఇంజను పక్కనున్న రేగడి చేలోకి దిగి చుట్టి రావాల్సి వచ్చింది. ఇంజను ఎట్లాగో దాటింది. వెనక మా ఇల్లు, కింద ఉన్న బండల బరువుకు, ఇరుసుదాకా కూరుకుపోయింది. నాయన ఆవిరి పెంచి లాగాడు. ఇరుసు వంగిన చప్పుడు ఇంజను మోతలోనూ వినిపించింది. వానలో అమ్మ చీర మోకాళ్ల పైకి దోపుకొని, ఒక్కొక్క బండనూ బురదలోంచి మోసి గట్టున పెడుతూ, "నేనే అడిగితి, నేనే అడిగితి" అంటూనే ఉంది.

మరునాడు కంట్రాక్టరు జీపులో వచ్చాడు. వంగి లోపలికి పోయాడు, ఇంకా తీయని నాలుగు బండల మీద చెప్పులు విడిచి నిలబడ్డాడు. "శానా చల్లగుండాదే!" అన్నాడు. తరువాత బయటికొచ్చి, "పెండ్లాం బిడ్డలను ఎంటేసుకొని పనేం జేస్తావప్పా? చూడు, ఒక దినం పని పాయె. వాళ్లను ఊరికి పంపీ," అన్నాడు.

"బండి మీరిచ్చిందే గదా సామీ," అన్నాడు నాయన.

"నాదే గాబట్టి బాగు జేపిస్తా."

అమ్మ, చెల్లెలు వేములకు, నేను మేనత్త ఇంటికి, మామ చూపు ముందుకు. కంట్రాక్టరు మందమైన ఇరుసు వేయించి, బండలు మళ్లీ పరిపించి, ఆ గదిని తన విడిది చేసుకున్నాడు. పరిచింది నాయనే. లాగిందీ నాయనే. వానలొస్తే ఆ బండి కింద, తాను పరిచిన బండల కింద, గోనెపట్ట వేసుకొని నాయన పడుకునేవాడట. "తడవదులే," అని గొప్పగా చెప్పేవాడు మాతో.

రోడ్డు వేములను చేరేటప్పటికి దసరా సెలవులు. ఇంజను కూత విని అమ్మ మజ్జిగ చెంబుతో పరుగెత్తింది, చెల్లెలు చెయ్యి పట్టుకొని నేనూ వెనకే పోయాను. బొగ్గుమసితో దిగి వచ్చిన నాయన చేతులు చాచగానే, అప్పుడే నడక నేర్చిన ఓబులమ్మ ఏడ్చి నా కాళ్ల వెనక దాక్కుంది. ఇంతలో బండిలోనుంచి కంట్రాక్టరు చెయ్యి చాపాడు. అమ్మ ఆయనకూ పోసింది. ఆయన తాగి, బండ మీద కాళ్లు బారజాపి, "మజ్జిగ బాగుండాదమ్మా. ఏ ఊరు మీది?" అన్నాడు.

ముద్దనూరు దగ్గర బురదలో తన ముందు నిలబడిన ఆడమనిషిని ఆయన గుర్తుపట్టలేదు. అమ్మ నాయన వైపు తిరిగి, "బండలు దినామూ కడుగుతాండావా?" అని మాత్రం అడిగింది. నాయన తల వంచుకొని ఇంజనెక్కాడు.

నేను లెక్కల అయ్యవారినై ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు, మేస్త్రి బండల మాట ఎత్తగానే అమ్మ లేచి పక్కగదిలోకి పోయింది. మా వీధిలో సిమెంటు నేల ఉన్న ఇల్లు మాదొక్కటే. నాయన పోయాడు, అమ్మ పోయింది, మస్తాన్ మామ పోయాడు. బొగ్గు ఇంజను ఇప్పుడు పిల్లలకు బొమ్మలో చూపించాలి. నాయన మడమతో తొక్కి చూసిన కంకర నాలుగు పొరల తారు కింద ఎక్కడో ఉంది. ఆ బండి ఏ పాత ఇనుము కొట్లో ముక్కలైందో, ఆ బండలు ఎవరి పెరట్లో ఉన్నాయో నాకు తెలియదు.

షెడ్డు నుంచే పులివెందులలో ఉన్న ఓబులమ్మకు ఫోను చేశాను. ఆ ఎండాకాలం గుర్తుందా అని అడిగాను.

"నాకెట్ల గుర్తుంటాదన్నా, ఉయ్యాల్లో బిడ్డను. నాకు తెలివొచ్చేతలికే నాయన చుట్టం మాదిరి వచ్చి పోతాండె," అంది. ఆ వెంటనే, "భోంచేసినావా?" అంది.

నా డైరీలన్నీ ఇంట్లో అలమరలో వరసగా ఉన్నాయి. ఆ ఎండాకాలానిది మాత్రం ఒక్క పేజీ లేదు.

"నలుగురు హాయిగా పండుకోవచ్చు తాతా, లోపలికి రా," అని చరణ్ తలుపు తీశాడు. నేను వంగి, అరచెయ్యి నేలకు ఆనించాను. ఎండకు రబ్బరు షీటు కాగి ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.