హెబ్రోను మూయించిన నోరు

మైపాడు రోడ్డులో హెబ్రోను కోప్పడని వస్తువంటూ లేదు. రొయ్యల గుంటల మోటార్లు బాగుచేస్తాడు. మోటారును ముందు నాలుగు తిట్టి, ఆనక స్పానరు పడతాడు. తిట్టందే అది తిరగదని అతని నమ్మకం.

అలాంటివాడు పాత కారొకటి కొన్నాడు. బెల్టు పెట్టకపోతే అది అరుస్తుంది, తలుపు సరిగా పడకపోతే అరుస్తుంది. ఇంక చూడాలి! ఆ తగువు చూస్తూ పక్కింటి రెబెక్కమ్మ గోడ దగ్గర నిలబడిందంటే పొయ్యిమీద పులుసు మాడాల్సిందే.

"నోరు ముయ్యవే! ఈ వీధిలో అరిచేది నేనొక్కణ్ణే!" అని కారును గదిమేవాడు.

చేపలమ్మే మాలకొండమ్మను రోజూ ఇందుకూరుపేట బజారుకు తీసుకుపోయేవాడు, దారంతా తిడుతూనే. ముందు సీట్లో బుట్టను చూసి, మనిషనుకుని, కారు బెల్టు అడిగేది. బుట్టకు బెల్టు పెట్టి మరీ తిట్టేవాడు.

ఒకనాడు పెట్రోలు బంకులో దిగి, అలవాటుకొద్దీ రిమోట్‌తో తాళం వేసి, బంకువాడితో తగువుకు పోయాడు. ఉక్కపోసి మాలకొండమ్మ లోపలినుంచి తలుపు తీసింది. అంతే, కారు ఊరంతా వినబడేట్టు కేకలు. "దొంగ! దొంగ!" అని జనం మూగారు. ఆ ముసలామె సిగ్గుతో చచ్చి, బుట్ట నెత్తికెత్తుకుని నడిచిపోయింది. మళ్ళీ కారెక్కలేదు. చేపల బుట్టను బస్సులో రానివ్వరు. నడిచి చేరేసరికి బేరమంతా అయిపోతోంది.

"పోయి పిలవరా," అంది రెబెక్కమ్మ.

"నేనా? పీడ పోయింది, కంపూ పోయింది!"

రాతిగుండెవాడు! రెబెక్కమ్మకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత హెబ్రోను ల్యాప్‌టాప్ ముందేసుకున్నాడు. కారు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్ కావాలట. ఒకటి ఈ మోడలుకు పనికిరాదు. ఇంకోటి ఇంటర్నెట్ లేందే కదలదు, ఇక్కడ సిగ్నలే నిలవదు. మూడోదాన్ని అమ్మేవాడికి ఫోన్ చేశాడు.

"చెడిపోతే పాత సెట్టింగులు తిరిగొస్తాయా?"

"అది గ్యారంటీ లేదు సార్."

"అయితే నీ కారుకే ఎక్కించుకో పో!"

రెబెక్కమ్మ గోడమీద గడ్డం ఆనించింది. "బెల్టు అరుపు మాన్పించేదానికేనా ఈ రచ్చ?"

"అది అరవనీలే, ప్రాణానికి మంచిది. నీకెందుకక్కా, గమ్మునుండు!"

చివరికి పాతవన్నీ ముందే భద్రపరిచే సాఫ్ట్‌వేర్ దొరికింది. స్టీరింగ్ కింద వైరు తగిలించి, కారును తిట్టి, ఏదో నొక్కాడు. రిమోట్ రెబెక్కమ్మ చేతిలో పెట్టి వెనక సీట్లో కూర్చున్నాడు, మాలకొండమ్మ కూర్చునే వైపు.

"తాళం వెయ్యి."

వేసింది. లోపలినుంచి తలుపు తీశాడు. కారు కిక్కురుమనలేదు. మళ్ళీ వేయించాడు, మళ్ళీ తీశాడు. అప్పుడు వెలిగింది రెబెక్కమ్మకు.

"ఓరి నీ కడుపు చల్లగుండ! దీనికా ఇన్నాళ్ళు!"

మర్నాడు కారు మాలకొండమ్మ పక్కన ఆగింది. చూడకపోతే నిద్రపట్టదు కనుక రెబెక్కమ్మ కూడా అందులోనే ఉంది.

"నేనెక్కను నాయనా. మళ్ళా దొంగంటారు."

హెబ్రోను దిగి తాళం వేశాడు. రెబెక్కమ్మ లోపలినుంచి తలుపు తీసుకుని దర్జాగా దిగింది. చప్పుడు లేదు.

"చూసినావా పిన్నమ్మా? దాని నోరు కట్టేసినా! ఎక్కు! ఎండకి చేపలు చస్తాయి!"

"చచ్చినవే కదా నాయనా," అని నవ్వుతూ ఎక్కింది.

హెబ్రోను బుట్టకు బెల్టు బిగించాడు. ఇందుకూరుపేట దాకా కారు పల్లెత్తు మాట అనలేదు. ఆ లోటు అతనే తీర్చాడు.