ఎఫీ కూర్చోని బల్ల

లూయిస్ దీవిలో ప్రభువు బల్ల ఆదివారం, అంటే చర్చిలో క్రీస్తు పేరిట రొట్టె పంచే రోజు, వచ్చిందంటే పొరుగూళ్ల భక్తులకు ఎఫీ ఇంట్లోనే భోజనం. ఆమె మాత్రం చర్చిలో ఆ రొట్టె ముట్టి ఎరగదు. కన్నతల్లిని "చావరాదూ" అని తిట్టిన వారానికే ఆవిడ పోయింది. ఆ పాపానికి క్షమాపణ లేదని ఎఫీ భయం.

ఈసారి ఆ ఆదివారానికి ముందు రోజు, శనివారం, సంఘపెద్ద టార్కిల్ భోజనానికి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నీ బల్ల దగ్గర కూర్చునే యోగ్యత నాకు లేదులే, ఎఫీ."

ఎఫీకి ఒళ్లు మండింది. "వండింది నేను, పిలిచింది నేను. యోగ్యత తేల్చడానికి నువ్వెవరివయ్యా?"

"మరి రేపు ప్రభువు తన బల్లకి పిలిస్తే, తేల్చడానికి నువ్వెవరివమ్మా?"

ఎఫీ చేతిలో గరిటె ఒరిగిపోయింది. మాంసం చారు నేలపాలవుతున్నా ఆమె చూడలేదు.

"ఇన్నేళ్లూ ఆయనకీ ఇలాగే ఒళ్లు మండి ఉంటుందా?"

"మండితే ఇంకా పిలుస్తాడా?" అంటూ టార్కిల్ లోపలికొచ్చి కూర్చున్నాడు.