నాగరత్నమ్మ లెక్కలోకి రాని మాత్రలు

2001 నాటికి బెజవాడ బెంజ్ సర్కిల్ వెనక సందులో నా క్లినిక్కు మంచి పేరే వచ్చింది. కింద కిరాణా కొట్టు, పైన నేను. జనరల్ ఫిజీషియన్ అంటే ఏ రోగాన్నయినా మొదట చూసే డాక్టరు కాబట్టి, జలుబు దగ్గర్నుంచి అత్తాకోడళ్ల తగువు దాకా అన్నీ ఆ మెట్లెక్కి వచ్చేవి. ఇక తలనొప్పుల సంగతి చెప్పక్కర్లేదు. మా ఊరి ఎండల్లో తలనొప్పి రాని మనిషి ఉంటే నేనే వెళ్లి చూసి వచ్చేదాన్ని.

ఆ ఏడు శ్రావణంలో వచ్చారు నాగరత్నమ్మగారు. కైకలూరు అవతల కొల్లేటి ఊరు వాళ్లది. తెల్లారేసరికి గట్టు మీద వేలం పాటలో చేపలు పాడుకుని, బెజవాడ తెచ్చి మార్కెట్లో అమ్మేవారు. ఆవిడ మెట్లెక్కకముందే గొంతు పైకి వచ్చేసింది. వెనకే భర్త ఏడుకొండలుగారు, కోడలు దుర్గ, మార్కెట్లో పక్క బల్ల మీద అమ్ముకునే రాఘవమ్మ. ఒక్క తలనొప్పికి నలుగురు మనుషులు, ఉన్నవి రెండు కుర్చీలు.

రెండేళ్లుగా రోజూ నొప్పి. నిద్ర లేవగానే మొదలు. స్కాన్ తీయించారు, అందులో ఏమీ లేదు. అయినా ఏడుకొండలుగారికి నమ్మకం కుదరలేదు. ఆయన అత్తగారు, అంటే ఈవిడ తల్లి, తలలో గడ్డతోనే పోయిందట. అందుకని దసరా నుంచి భార్యను వ్యాపారం మాన్పించాలని ఆయన నిర్ణయించేశారు.

పరీక్ష బల్ల దగ్గర తెర వేయగానే నాగరత్నమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏం లేదని మీ నోటితో ఒక్క మాట చెప్పండి డాక్టరమ్మగారూ. లేకపోతే ఈళ్లు నన్ను ఇంట్లో కూర్చోబెడతారు. పాట దగ్గరికి ఎళ్లకుండా, బల్ల కాడ నాలుగు మాటలనకుండా నేను బతకలేనండి."

ఆ ఒక్క మాట చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏమీ లేకపోతే రోజూ ఎందుకు నొప్పి పుడుతోంది? బయటికి వచ్చి కూర్చున్నాక ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను.

"మాత్రలు ఎన్ని వేసుకుంటున్నారు?"

"ఒకటేనండి. బస్టాండు కాడ కొనుక్కుని కొంగున ముడేసుకుంటా, సాయంత్రం ఏసుకుంటా."

"సాయంత్రమేంటే?" అన్నారు ఏడుకొండలుగారు. "ఒకటేనండీ, కానీ పొద్దున్నే. పాటకెళ్లే ముందు నేనే ఇస్తాను. నొప్పి రాకముందే ఏస్తే మంచిది కదండీ!"

దుర్గ తెల్లబోయింది. "అదేంటి మావయ్యా! రోజూ క్యారేజీలో అన్నంతో పాటు నేను పెడతన్నానుగా!"

రాఘవమ్మ తన కొంగు ముడి విప్పి చూపించింది. లోపల అవే మాత్రలు. నొప్పి మందులో కాఫీలో ఉండే కెఫీన్ కలిపిన రకం. "టీ తాగేప్పుడు ఒకటి ఇస్తానండి. మొహం చూస్తే తెలిసిపోద్ది కదా, నొప్పిగా ఉందని."

నాకు నవ్వు ఆగలేదు. "నాగరత్నమ్మగారూ, ఒకటేనన్నారే?"

"నేను ఏసుకునేది ఒకటేనండి. మిగతావి వాళ్లిచ్చినవి కదా! ప్రేమగా చేతిలో పెడితే వద్దంటే బాధపడరూ?"

పెళ్లి బంతిలో కొసరి కొసరి వడ్డించిన బూరెలను తిన్నవాళ్లెవరూ లెక్కలో వేసుకోరు. ఆవిడ మాత్రల లెక్క కూడా సరిగ్గా అంతే. అబద్ధమాడలేదు, అమాయకురాలూ కాదు. చేపల బేరంలో నిలువెత్తు మనిషిని తికమక పెట్టగల మనిషి ఇంట్లోవాళ్ల చెయ్యి వెనక్కి తోయలేకపోయింది.

దీన్ని మెడికేషన్ ఓవర్‌యూజ్ హెడేక్ అంటారు. తలనొప్పి మాత్రలు వారంలో ఎక్కువ రోజులు, నెలల తరబడి వేసుకుంటూ పోతే ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి వస్తుంది. ఒక మాత్ర ప్రభావం దిగిపోగానే తల ఇంకొకటి అడుగుతుంది. కంచే చేను మేసినట్టు. కిడ్నీ పరీక్షలు కూడా చేయించాను, అదృష్టవశాత్తూ బాగున్నాయి. ఇక ఆ మాత్రలు పూర్తిగా ఆపాలన్నాను. నొప్పి రాకుండా చూసే ప్రివెంటివ్ మందు వేరేది రాశాను. అది పని చేయడానికి టైము పడుతుందని, ఈలోగా నొప్పి ఇప్పటికంటే పెరుగుతుందని దాచకుండా చెప్పాను.

"తగ్గుతుంది. కొన్నాళ్లు ఓర్చుకోవాలి, అంతే," అన్నాను.

ఏడుకొండలుగారి మొహం పాలిపోయింది. "అయితే మేమే చేశామాండీ ఇదంతా?" అన్నారు మెల్లగా. ఆ మనిషిని చూస్తే నాకు జాలేసింది. ప్రేమకు కూడా డోసు ఉంటుందని ఆయనకు ఎవరు చెప్పారు గనక!

ఓర్చుకునే ఆ రోజుల్లో ఆవిడ బల్ల దగ్గర ఏడుకొండలుగారే కూర్చున్నారు. మగమనిషి బేరమాడలేడని మార్కెట్లో ఆడవాళ్లంతా ముందే పందెం కాశారట. నిజంగానే ఎంత అడిగితే అంతకిచ్చేశారు. మంచి కొర్రమీను కూడా చవకరకం జెల్ల ధరకే పోయిందని రాఘవమ్మ వచ్చి నా దగ్గర మొత్తుకుంది.

ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చారు. చేపల బుట్ట మెట్ల కిందే పెట్టి, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డారు.

"ఒక్కటి ఇచ్చేస్తానండీ. రాత్రంతా వాంతులు. సూడలేకపోతన్నాను."

"ఆవిడ అడిగారా?"

"లేదండి. పళ్లు బిగబట్టుకుని పడుకుంది. నేనే ఆగలేకపోతన్నా. ఉత్త చేతుల్తో పక్కన ఎట్టా కూర్చోమంటారండీ?"

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాంతులు ఆగడానికి మందు రాసిచ్చి, నీళ్లు, మజ్జిగ పట్టించమని చెప్పాను. "ఆ ఉత్త చేయే ఆవిడ నుదుటి మీద పెట్టి కూర్చోండి," అన్నాను. డాక్టరుగా అంతకంటే గొప్ప మందు నా దగ్గర ఆ రోజు లేదు. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని బుట్టెత్తుకుని వెళ్లారు.

దసరాకు నాగరత్నమ్మగారు ఇంట్లో కూర్చోలేదు. దీపావళి ముందు ఒక పొద్దున మళ్లీ కింద నుంచే ఆ గొంతు వినిపించింది. నీళ్ల క్యానులో బతికున్న కొర్రమీనుతో ఒక్కరే వచ్చారు. ఎప్పుడైనా ఒకసారి నొప్పి వస్తోందట, కాసేపు కళ్లు మూసుకుంటే పోతోందట. మొగుడు పాడు చేసిన ధరలను దారికి తేవడానికే ఎక్కువ కష్టపడ్డానని చెప్పారు.

ఆ తర్వాత నుంచి "మాత్రలు ఎన్ని?" అన్న ప్రశ్నతో నేను ఆగలేదు. "మీకు మాత్రలు ఎవరెవరిస్తారు?" అని కూడా అడుగుతాను. పేషెంటు వెంట ఎంతమంది వస్తే అంత వివరంగా అడుగుతాను.

ఆవిడ కొర్రమీను తెచ్చిన ఆ పొద్దున నాకే తల పగిలిపోతోంది. ముందు రోజంతా జ్వరాల గుంపు, నిద్ర లేదు. మాట్లాడుతూ కణతలు నొక్కుకుంటుంటే నాగరత్నమ్మగారు చూశారు. ఆవిడ చెయ్యి పాత అలవాటు కొద్దీ కొంగు ముడి మీదికి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. లేచి వచ్చి ఆ చెయ్యి నా నుదుటి మీద పెట్టారు. చల్లగా ఉంది, చేపల వాసన వేస్తోంది.

"తగ్గిందాండీ?"

"లేదండీ," అన్నాను నిజం చెబుతూ.

"తగ్గుద్ది. కాసేపు ఓర్చుకోవాలి, అంతే," అన్నారు ఆవిడ, చెయ్యి తీయకుండా.