కాలందే బండి

మా పెళ్ళిరోజుకి మావారు నాకు మోటారుసైకిలు కొన్నారు. మామూలుది కాదు, మట్టిదారుల్లో, గట్ల మీద, బురదలో తిరగడానికి చేసిన డర్ట్ బైక్. నందివాడ పక్కన మా చేపల చెరువుల గట్ల మీద నేను పాత మోపెడ్ వేసుకుని తిరగడం, గుంట వస్తే తప్పుకోకుండా కావాలనే అందులోంచి పోనివ్వడం ఆయన చాలా ఏళ్ళుగా చూస్తున్నారు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. బడి కాలవకి అవతల ఉండేది. తాటిదుంగ మీద నడిచి దాటాలి. అమ్మ పంపనంది. నాన్నే ఇంట్లో అక్షరాలు దిద్దించారు, రామాయణం చదివించారు. నా చేతికి బలపం పొడుగైతే విరిచి చిన్నముక్క ఇచ్చేవారు. మోపెడ్ నేర్పిందీ ఆయనే. "మా ఆవిడ డిగ్రీ గట్టు మీద చేసింది" అని మావారు అందరితో అంటుంటారు.

మావారికి రెండు చక్రాల బండి రాదు. కారు ఒక్కటే వచ్చు. తనకి రానిది భార్య నడుపుతుంటే సంబరపడే మనిషి దొరికినందుకు, సంధ్యాదీపం పెట్టేటప్పుడు దేవుడికి ఒక దణ్ణం ఎక్కువే పెట్టుకుంటాను.

అయితే మా వైపు ఒక అలవాటుంది. ఏది కొన్నా షాపులో ఉన్నవాటిలో పెద్దది కొంటాం. మూడెకరాల చేనుకి ముప్పై ఎకరాల ట్రాక్టరు, ఇద్దరున్న ఇంటికి పెళ్ళివారికి సరిపడే ఫ్రిజ్జు. ఆ లెక్కలోనే ఈ బండీ వచ్చింది. అరచెయ్యిలా చదునుగా ఉండే ఊళ్ళోకి కొండలెక్కే బండి. సీటు నా నడుముకి పైన.

గుడి ముందు బండికి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "పోనివ్వండమ్మా" అన్నారు పూజారిగారు. నా కాలి బొటనవేళ్ళు మాత్రమే నేలకి ఆనుతున్నాయి. క్లచ్ వదిలీ వదలగానే బండి ఎగిరి, నిమ్మకాయలు దాటి, పక్కకి వాలింది. పూజారిగారు హారతిపళ్ళెంతో సహా మండపం ఎక్కేశారు.

"అమ్మా, తొక్కమంది నిమ్మకాయల్ని. నన్ను కాదు!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఎవరికీ దెబ్బ తగలలేదు, స్వామి చూస్తూ ఉన్నాడు కదా అనుకున్నాను.

అసలు కష్టం గట్ల మీద మొదలైంది. మా గట్ల మీద ఒక మర్యాద ఉంది. బరువున్న బండికి ఖాళీ బండి దారివ్వాలి. కోతలయ్యాక గడ్డి ట్రాక్టర్లు ఇళ్ళంత ఎత్తున గడ్డి వేసుకుని వస్తాయి. అవి పక్కకి తప్పుకోలేవు. మనమే అంచుకి జరిగి, ఆగి, ఎడమకాలు కింద పెట్టాలి. గట్టు అంచున ఎడమపక్క నేల ఎక్కడుంటుంది? కిందికి జారుగా ఉంటుంది. చదునులోనే అందని కాలు ఆ వాలులో ఏం అందుతుంది? కాలు గాల్లో వెతుక్కుంటూ ఉండగానే బండి మెల్లగా, మర్యాదగా, నన్ను తీసుకుని కాలవవైపు పడుకునేది. ట్రాక్టరతను దిగి, బండి లేపి, "పెద్ద బండండీ, చూసుకోండి" అని వెళ్ళిపోయేవాడు.

కొన్నాళ్ళకి దూరంగా గడ్డి కనబడితే చాలు, వెనక్కి తిప్పేసేదాన్ని. తర్వాత అసలు బయటికి తీయడమే తగ్గించేశాను. వంటింట్లో పని ఉందనేదాన్ని, ఎండగా ఉందనేదాన్ని. మోపెడ్ అప్పటికే ఎవరికో ఇచ్చేశాం. నాకు తెలుస్తూనే ఉంది, ఇలాగే సాగితే నేను మళ్ళీ బండెక్కను. పోనీ నోరు తెరిచి చెబుదామంటే, అంత ముచ్చటపడి తెచ్చిన మనిషి మొహం చిన్నబోతుంది. ఆయన రోజూ సాయంత్రం గుడ్డ తీసుకుని బండి తుడిచేవారు.

"ఏనుగుని తెచ్చి గుమ్మంలో కట్టాడు మావాడు. ఇంకేం కావాలే నీకు?" అనేవారు మా చిన్నత్తగారు.

"ఏం వద్దత్తయ్యా. బావుంది" అనేదాన్ని.

మాఘమాసంలో హంసలదీవి వెళ్దామన్నారు మావారు. బందరులో పళ్ళడాక్టరుగా ఉన్న ఆయన స్నేహితుడు కూడా వస్తానన్నాడు. మావారిని బావ అనీ, నన్ను చెల్లెమ్మా అనీ పిలుస్తాడు. ఆరడుగుల మనిషి. ఆ డాక్టరుకీ ఒక డర్ట్ బైక్ ఉంది, కానీ చిన్నది. ఇంజను నా బండిలో సగం కూడా ఉండదు. దాని మీద ఆయన కూర్చుంటే మోకాళ్ళు చెవులకి తగిలేలా ఉంటాయి. మేమిద్దరం బండ్ల మీద, మావారు వెనక కార్లో పులిహోర డబ్బాతో. చల్లపల్లి, అవనిగడ్డ దాటి కరకట్ట ఎక్కేసరికి నా భుజాలు కొయ్యబారిపోయాయి.

టీ తాగడానికి ఆగినప్పుడు డాక్టరు నా బండి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు.

"చెల్లెమ్మా, ఒక్కసారి మార్చుకుందామా? సముద్రం దగ్గర పాలకాయతిప్ప దాకా. ఈ పిచ్చుక మీద కూచుని నా నడుం విరుగుతోంది."

తాళంచెవి చేతిలో పెట్టేశాను. మరీ తొందరగా పెట్టానేమో.

ఆ చిన్నబండి మీద కూర్చున్నాను. రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనాయి. అంతే. ఇంకేమీ జరగలేదు. "కృష్ణా" అన్నాను పైకే.

కరకట్ట దిగి మట్టిదారిలో పడగానే ఎదురుగా గడ్డి ట్రాక్టరు. అలవాటుగా వెనక్కి తిప్పేద్దామనుకున్నాను. అంచుకి జరిగాను, కాలు పెట్టాను, నేల అందింది. ట్రాక్టరు గడగడా వెళ్ళిపోయింది. నెత్తి మీద నాలుగు గడ్డిపరకలు రాలాయి. ఇక చూసుకోండి! తర్వాతి దానికి నేను ఆగను కూడా ఆగలేదు. గట్టు దిగి, కోసిన చేలోంచి పోనిచ్చి, దాని వెనకాల మళ్ళీ గట్టెక్కాను. జారింది, నిలబెట్టుకున్నాను. మళ్ళీ జారింది, మళ్ళీ నిలబెట్టుకున్నాను. ఎవరో పిచ్చిదానిలా నవ్వుతున్నట్టు వినిపించింది. చూస్తే నేనే.

సముద్రం దగ్గరికొచ్చేసరికి దారి ఉప్పుబురద. పైకి ఎండినట్టే ఉంటుంది, కింద వెన్న. నా కింది చిన్నబండి తేలిగ్గా దాటేసింది. వెనక పెద్దబండి పెద్దగా అరిచి, ఇరుసు దాకా దిగి, ఆగిపోయింది. డాక్టరు దాని మీదే కూర్చుని, "బావా! వచ్చే జన్మలో పులిహోర తింటాలే, నువ్వు కానియ్!" అని కేకేశాడు. మావారు పంచె ఎగ్గట్టి, చేపలు పట్టేవాళ్ళు నలుగురు చెయ్యి వేసి, బయటికి లాగారు. బండి బురదతో గేదెలా ఉంది. అయినా డాక్టరు మొహం వెలిగిపోతూనే ఉంది. "కరకట్ట మీద ఏం పోయిందయ్యా బాబూ, మహారాజులా కూర్చున్నాను" అంటున్నాడు.

ముగ్గురం నీళ్ళలోకి దిగి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాం. ఒడ్డున కూర్చుని విస్తరాకుల్లో పులిహోర పెడుతుంటే మావారు మెల్లగా అన్నారు.

"ఇన్నాళ్ళూ నువ్వు బండి దిగేటప్పుడు నవ్వేదానివి. ఇవాళ ఎక్కేటప్పుడు నవ్వావు."

ఇక దాచడం పాపమనిపించింది.

"నాకు ఆ బండి భయమండీ. కాలందదు. మీరు బాధపడతారని చెప్పలేదు."

ఆయన మొహం చిన్నబోయింది, అబద్ధం చెప్పను. తర్వాత డాక్టరు వైపు తిరిగారు.

"ఏరా, నీ పిచ్చుకని ఇస్తావా? ఏనుగుని తోలుకుపో."

"చెల్లెమ్మ ఇస్తానంటే ఇప్పుడే తోలుకుపోతా."

"మీ చెల్లెమ్మనే అడుగు. నేను మొదటిసారి అడక్కుండా కొన్నాను, ఇంక అడక్కుండా ఇవ్వను."

ఇద్దరూ నావైపు చూశారు. "ఇచ్చేస్తాను" అన్నాను. ఆ మాట ఎంత హాయిగా వచ్చిందో!

మావారు వెంటనే చిన్నత్తగారికి ఫోను చేసి చెప్పారు, నేను చెప్పాల్సిన అవసరం రాకుండా.

"పెద్దదిచ్చి చిన్నది తెచ్చుకోవడమేంట్రా? ఇంటావంటా ఉందా? నలుగురూ ఏమనుకుంటారు?" అవతల గొంతు మాకందరికీ వినిపిస్తోంది.

"మా ఆవిడ పొట్టిదని అనుకుంటారు పిన్నీ. నిజమేగా."

తిరుగుదారిలో కరకట్ట ఖాళీగా ఉంది. ఒకపక్క ఏరు, ఇంకోపక్క అరటితోటలు. ఆ పెద్దబండి మీద నేనెప్పుడూ యాక్సిలేటరు పావువంతుకి మించి తిప్పి ఎరగను. మిగతాదంతా నాకు కాని బలం, ఎవరిదో దాచిపెట్టినట్టు భయం భయంగా మోసేదాన్ని. దీన్ని మాత్రం చివరి దాకా తిప్పేశాను. ఉన్నదంతా ఇచ్చేసింది. అదేమంత వేగం కాదు, వెనక మావారి కారు తీరిగ్గా వస్తూనే ఉంది. అద్దంలో చూస్తే ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఇంకా, ఇంకా అని ఊపుతున్నారు. ఇంక తిప్పడానికి లేదు. దేవుడి దయ, అదే సరిపోయింది.