శాంపిల్ చూసి రాసిన సమీక్ష

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, జనవరి మొదటి సోమవారం నాడు, నాకు ఒక అదనపు బాధ్యత అప్పగించారు. అప్పటికి నేను హైటెక్ సిటీలోని ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ సంస్థలో క్వాలిటీ విభాగానికి లీడ్ ఆడిటర్‌ని. క్వాలిటీ ఆడిటర్ ప్రోగ్రాములు రాయడు, వాటిలో తప్పులూ వెతకడు. ప్రాజెక్టువాళ్లు "ఈ పని చేశాం" అన్నప్పుడు "చేసినట్టు ఆధారం చూపించండి" అని అడుగుతాడు. ఈ ఒక్క వాక్యం మీద నేను ఇరవై ఆరేళ్లు జీతం తీసుకున్నాను. క్యాంటీన్‌లో నా బల్ల చుట్టూ కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా ఉండడానికి కూడా అదే కారణం.

అదనపు బాధ్యత ఏమిటంటే, పుస్తకాలు చదవడం. నవ్వకండి, అలాగే రాసి ఇచ్చారు.

ఆఫీసు లోపలి వెబ్‌సైట్‌లో 'పుస్తకాల అర' అని నాకొక బ్లాగు ఉండేది. ఏ నెలకో రెండు నెలలకో, చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు రాసేదాన్ని. చదివేవాళ్లు పదిహేను మంది. వాళ్లలో ఇద్దరు సెలవు దరఖాస్తు కోసం వెతుకుతూ దారి తప్పి వచ్చినవాళ్లు. ఏళ్ల తరబడి ఎవరికీ హాని లేకుండా సాగింది.

మా సంస్థలో ప్రతి జనవరిలో ఉద్యోగులంతా ఆ ఏడాది లక్ష్యాలు రాసి పై అధికారికి పంపాలి. అందులో ఒక లక్ష్యం సొంత పనికి సంబంధం లేనిదై ఉండాలి. నేను "ఈ ఏడాది కూడా పుస్తకాలు చదువుతాను, నచ్చితే రాస్తాను" అని రాశాను. మా డెలివరీ హెడ్ శ్రీకాంత్ నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడు, మర్యాదస్తుడు. నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు.

"సరోజ గారూ, ఇది గోల్ కాదండి, కోరిక. నంబర్ లేకపోతే నేను రేటింగ్ ఎలా ఇవ్వాలి చెప్పండి?"

నంబరు కోసం మేమిద్దరం పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఏడాదికి యాభై రెండు వారాలు కాబట్టి యాభై రెండు పుస్తకాలు, యాభై రెండు సమీక్షలు. ప్రతి సోమవారం ఉదయం పదింటికి బ్లాగులో పడాలి. వ్యాఖ్య పెట్టినవాళ్లకు ఒక్క రోజులో జవాబివ్వాలి. సగంలో ఆపిన పాత పుస్తకాలన్నీ పూర్తి చేస్తాననీ, అవి అయ్యేదాకా కొత్తవి కొనననీ నా అంతట నేనే చేర్చాను. కొత్త సంవత్సరం మొదటి వారంలో మనిషికి తన మీద ఉండే నమ్మకం మిగతా యాభై ఒక్క వారాల్లో ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

లక్ష్యాలకు ఒక ట్రాకర్ ఉండేది. అనుకున్నట్టు జరిగితే ఆకుపచ్చ, ఆలస్యమైతే పసుపు, తప్పితే ఎరుపు. పసుపైతే మనకు ఒక మెయిల్ వస్తుంది. ఎరుపైతే అది శ్రీకాంత్ పై అధికారి తెర మీద కూడా కనబడుతుంది. ఆయన జన్మలో పుస్తకం పట్టినట్టు దాఖలాలు లేవు గానీ, ఎరుపు రంగు మాత్రం బాగా గుర్తుపడతాడు.

జనవరి పచ్చగా గడిచింది. ఎప్పుడో చదివినవాటి గురించి రాసి నెట్టుకొచ్చాను. ఫిబ్రవరికి పాత సరుకు అయిపోయింది. కొత్తవి కొననన్న ప్రతిజ్ఞ ఆ నెలలోనే అటకెక్కింది. పుస్తకాల దుకాణంలో పేరూ రచయితా చూడకుండా, మందం చూసి సన్నటివి ఏరుకునే స్థితికి వచ్చాను. నల్లగండ్ల నుంచి ఆఫీసు క్యాబ్‌లో వస్తూ చదివేదాన్ని. గచ్చిబౌలి దగ్గర బండి ముప్పావుగంట కదలకపోతే తోటివాళ్లంతా పరేషాన్ అవుతుంటే, నేను మాత్రం ఇంకో పావుగంట ఆగితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆనందం కోసం మొదలుపెట్టిన అలవాటు నన్ను ఇలాంటి మనిషిని చేసింది.

మార్చిలో బయటి ఆడిటర్లు వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఏడాదికోసారి వాళ్లు వచ్చి మా పద్ధతులు సరిగ్గా ఉన్నాయని ధ్రువపత్రం ఇచ్చి వెళతారు. ఆ పదిహేను రోజులూ మా విభాగానికి తిండి కూడా సరిగ్గా ఉండదు. సరిగ్గా అప్పుడే బీపీ చూపించుకోవడానికి కింద అంతస్తులోని ప్రథమ చికిత్స గదికి వెళ్లాను.

అక్కడి నర్సు సిస్టర్ సలోమి. లింగంపల్లి నుంచి వచ్చేది. ఆఫీసులో ఎవరికి తలనొప్పి వచ్చినా, ఎవరికి అప్రైజల్‌లో మంచి రేటింగ్ రాకపోయినా ముందు ఆమెకే తెలిసేది. నా చేతికి బీపీ పట్టీ చుడుతూ సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది. పేరు 'రెండో షిఫ్టు'. సొంతంగా అచ్చు వేయించుకుంది.

"మేడం, మీరు బుక్కుల గురించి రాస్తరంట కదా. పాత దవాఖానల పనిచేసిన రోజుల గురించి నేను ఒకటి రాసిన. జర చదివి రాయండి. మంచిగ లేకుంటే మంచిగ లేదనే రాయండి, ఏం ఫికర్ లేదు."

నూట అరవై ఎనిమిది పేజీలు. నా మనసులో మొదట మెదిలిన ఆలోచన చెప్పడానికి సిగ్గుపడుతున్నాను: పన్నెండో వారం పుస్తకం దొరికింది.

ఇక్కడ వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. ఒక ప్రాజెక్టులో రెండు వేల పత్రాలుంటే ఆడిటర్ రెండు వేలూ చదవడు. అక్కడక్కడ కొన్ని తీసి చూస్తాడు. దాన్నే శాంపిలింగ్ అంటారు. మొదట్లో కొన్ని, మధ్యలో కొన్ని, చివర ఒకటి చూసి, అవి బాగుంటే మొత్తం బాగున్నట్టే లెక్క. ఆదివారం సాయంత్రం బయటి ఆడిట్ కాగితాలు ఒళ్లో పెట్టుకుని నేను సిస్టర్ పుస్తకానికి శాంపిలింగ్ చేశాను. మొదటి నలభై పేజీలు, మధ్యలో తొంభై నుంచి తొంభై అయిదు దాకా, ఆపైన చివరి పేజీ. మొత్తం నలభై ఏడు, అంటే ఇరవై ఎనిమిది శాతం. మా వృత్తిలో పది శాతం చూస్తేనే శ్రద్ధగా చేశారని మెచ్చుకుంటారు.

నేను చూసిన పేజీలన్నీ నవ్వించాయి. మంచం కింద బిర్యానీ దాచిన రోగి, ఇంజెక్షన్ అంటే పారిపోయిన పోలీసాయన, నిద్రలో కూడా హాజరు పిలిచే హెడ్ నర్సు. చివరి పేజీలో డ్యూటీకి బయల్దేరుతూ సలోమి రాసిన ఆఖరి మాటలు ఇవి: "రెండు జతల బూట్లకు తెల్ల పాలిష్ పెట్టిన. ఒక జత ఏసుకొని డ్యూటీకి పోయిన."

సోమవారం పదింటికి నా సమీక్ష పడింది. "ఆసుపత్రి గోడల మధ్య ఇన్ని నవ్వులు పూయించిన పుస్తకం ఈ మధ్య రాలేదు" అని మొదలుపెట్టాను. చివరి వాక్యం గురించి ప్రత్యేకంగా, "ఒక జత పాడైతే ఇంకో జత సిద్ధంగా ఉంచుకునే ఈ నర్సమ్మ ముందుజాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది" అని రాశాను. ట్రాకర్ పచ్చబడింది.

నా బ్లాగు చరిత్రలో ఎన్నడూ లేనిది, ఆ సమీక్షను ఆఫీసంతా చదివింది. మన సిస్టర్ రాసిందట అని ఒకళ్లకొకళ్లు పంపుకున్నారు. హెచ్ఆర్ వాళ్లు ఊరుకుంటారా? శుక్రవారం నాలుగింటికి క్యాంటీన్‌లో రచయిత్రితో ముచ్చట్లు అని ప్రకటించారు. లిఫ్టుల పక్కన పోస్టర్లు వెలిశాయి. మెడలో స్టెతస్కోపుతో పళ్లికిలిస్తున్న పసుపు బొమ్మ, దాని కింద 'నవ్వుల వార్డు' అని పెద్ద అక్షరాలు.

గురువారం మధ్యాహ్నం సిస్టర్ మా అంతస్తుకు వచ్చింది. అంతకుముందు ఎన్నడూ రాలేదు. నా బల్ల పక్కన నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, మీరు ఎంతవరకు చదివిండ్రు?"

"మొత్తం చదివాను సిస్టర్" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! ఇలాంటి జవాబు చెప్పిన ప్రాజెక్టు మేనేజర్లను నేను కళ్లు చూసి పట్టేసేదాన్ని.

ఆమె నా కళ్లు చూసింది. పుస్తకం బల్ల మీద పెట్టింది.

"గట్లయితే మీరే చెప్పండి మేడం. రేపు అందరూ నవ్వుదామని వస్తున్నరు. ఏ పేజీ చదవాల్నో నాకు సమజ్ అయితలేదు. మీరే ఒక పేజీకి గుర్తు పెట్టియ్యండి."

ఆమె వెళ్లాక 'ఆడిట్ ప్రిపరేషన్' అని రాసి ఒక మీటింగ్ గది తీసుకుని, నలభై ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టాను. వందో పేజీ దాకా నవ్వులే. నూట ఒకటో పేజీలో సలోమి చెల్లెలు వినీత వస్తుంది. పంతొమ్మిదేళ్లది, నర్సింగ్ చదువుకుంటూ అక్కతో కిరాయి గదిలో ఉండేది. రోజూ పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్లు ఇద్దరి బూట్లకూ పాలిష్ పెట్టాలని వాళ్లలో వాళ్లకు ఒప్పందం. ఆ పిల్లకు జ్వరం వచ్చి, అక్క పనిచేసే ఆసుపత్రిలోనే పై వార్డులో చేర్చారు. సలోమికి కింద రెండో షిఫ్టు. బదులు నర్సు వచ్చేదాకా వార్డు వదలకూడదు. అయినా అరగంటకోసారి మెట్లెక్కి చూసి వచ్చేది. మూడో రోజు, కింద ఎవరో ముసలాయనకు సెలైన్ పెడుతుండగా పైన చెల్లెలు పోయింది. సమాధి చేసి వచ్చిన మరునాటి పొద్దుటిది ఆ చివరి పేజీ.

రెండు జతల బూట్లు. ముందుజాగ్రత్త అని రాశాను నేను, ముచ్చటేస్తుందని కూడా రాశాను. నా మీద నాకు అంత అసహ్యం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

శుక్రవారం పొద్దున్నే ప్రథమ చికిత్స గదికి వెళ్లి, మొత్తం చదవలేదనీ, నిన్ననే చదివాననీ చెప్పాను.

"ఎరుకే మేడం. బూట్ల గురించి రాసిండ్రు కదా, అప్పుడే ఎరుకైంది."

మరి చెప్పలేదేమని అడిగాను.

"మీరు పెద్దోళ్లు, ఎట్ల చెప్పాలె? ఇంతమంది చదువుతున్నరు, చదవనీ అనుకున్న. కని నా చెల్లె కత మీద మందిని నవ్విచ్చుడు నాతోని కాదు మేడం."

శ్రీకాంత్ దగ్గరికి వెళ్లి కార్యక్రమం ఆపమన్నాను, సమీక్ష వెనక్కి తీసుకుంటానన్నాను. అతను చాలా ఓపిగ్గా విన్నాడు. పోస్టర్లు పెట్టేశారు, సమోసాలు చెప్పేశారు, వెనక్కి తీసుకుంటే ఆ వారం ఎరుపవుతుంది అన్నాడు. "సెకండాఫ్ హెవీగా ఉంటే ఫస్టాఫ్ చదివించండి సరోజ గారూ, అది బాగుందని మీరే రాశారు కదా" అని ఒక మార్గం కూడా చూపించాడు. ఎరుపు చేసుకోమన్నాను.

కింద సిస్టర్‌కి ఆపలేకపోయానని చెప్పాను. ముందు నేను మాట్లాడతాను, తర్వాత మీ ఇష్టమొచ్చిన పేజీ చదవండి, ఇష్టం లేకపోతే రానే రావద్దు అన్నాను. వస్తానంది.

నాలుగింటికి క్యాంటీన్ నిండింది. మా ఆడిట్‌లో తప్పు దొరికితే నాన్ కన్‌ఫార్మిటీ అని ఒక నివేదిక రాస్తాం. ఏం జరగాలి, ఏం జరిగింది, ఆధారం ఏమిటి, కారణం ఏమిటి అని అందులో నాలుగు భాగాలుంటాయి. ఇరవై ఆరేళ్లలో కొన్ని వందలు రాసి ఉంటాను. ఆ రోజు నా మీద ఒకటి రాసుకుని వెళ్లి మైకులో చదివాను. సమీక్షకురాలు పుస్తకం మొత్తం చదవాలి. నలభై ఏడు పేజీలు చదివింది. ఆధారం, బూట్ల గురించి ఆమె రాసిన వాక్యం. కారణం, యాభై రెండు అనే అంకె, దానికి తల ఊపిన ఆమె బుద్ధి. ఇది కూడా కార్యక్రమంలో ఒక హాస్యం అనుకుని మొదట కొందరు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు.

తర్వాత సిస్టర్ లేచి చివరి మూడు పేజీలు చదివింది. రోజూ బీపీ అంకెలు చెప్పే గొంతుతోనే చదివింది. ఎవరి చేతిలోని సమోసా వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

మరుసటి సోమవారం ఆ సమీక్ష తీసేశాను, కొత్తది పెట్టలేదు. ట్రాకర్ ఎరుపెక్కింది, ఆ ఏడాదంతా మళ్లీ పచ్చబడలేదు. డిసెంబరుకు యాభై రెండింటిలో ఇరవై ఒకటి అయ్యాయి. నా రేటింగ్‌లో 'ప్రణాళిక మెరుగుపరచుకోవాలి' అని రాశారు. అదే నెలలో హెచ్ఆర్ వాళ్లు ఆ ఏటి ఉత్తమ కార్యక్రమంగా ఆ శుక్రవారాన్నే ఎంపిక చేసి, పెద్ద తెర మీద చూపించారు, పళ్లికిలిస్తున్న పసుపు బొమ్మతో సహా.

రిటైరయ్యాక కూడా సమీక్షలు రాస్తున్నాను, నా సొంత బ్లాగులో. ప్రతి జనవరిలో పుస్తకాలు చదివేవాళ్లంతా ఏడాదికి వందా, నూట యాభై అని లక్ష్యాలు ప్రకటిస్తుంటే చూసి ఆనందిస్తాను. నేను అంకె పెట్టుకోను. ఆ ఉదంతం నుంచి నేర్చుకున్నది ఒక పద్ధతి మాత్రమే. ప్రతి సమీక్ష కింద, పుస్తకంలో ఎన్ని పేజీలున్నాయో, నేను ఎన్ని చదివానో రాస్తాను. ఈ జనవరిలో రాసిన మొదటి సమీక్ష కింద "212లో 74, ఆపేశాను" అని ఉంటుంది. 'రెండో షిఫ్టు' గురించి మళ్లీ రాసిన సమీక్ష కింద "168లో 168, రెండుసార్లు" అని ఉంటుంది.