నల్లా కింద అక్క చెయ్యి

నా చిన్నప్పుడు సూది గుచ్చుకోవడం మాకు లెక్కే కాదు బిడ్డా. గద్వాలలో మాది మగ్గాల వీధి. వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్లీ పనిలో పడేవాళ్లం. నర్సింగ్ చదివే నువ్వు ఇప్పుడు ఫోన్ చేసి, "అవ్వా, సూది గుచ్చుకుంటే మేడంకు చెప్పాల్నా?" అన్నావు చూడు, అందుకే ఇదంతా చెబుతున్నాను. ఊరికే అడుగుతున్న అన్నావు గానీ నీ గొంతు అట్లా లేదు.

మా వీధి నుంచి దవాఖానలో పని నేర్చుకోవడానికి పోయిన మొదటి ఆడపిల్ల మా పక్కింటి అక్క. "ఒక్క మాట పడ్డవంటే వచ్చి మగ్గం మీద కూసో" అని వాళ్ల నాయన ముందే అన్నాడు. నాకు జ్వరమొచ్చి ఒకరోజు ఆ దవాఖాన బల్ల మీద కూర్చున్నాను. నా పక్కన కామెర్లతో ఒకాయన. అక్క ఆయనకు సూది వేసి, మరిగించే గిన్నెలో పెట్టబోతుంటే అది ఆమె బొటనవేలికి గుచ్చుకుంది. నేను చూశానని తెలిసి, "చెప్పకే, నన్ను ఇంటికి తోలేస్తరు" అంది చిన్నగా. ఇంట్లో లాగే వేలు నోటిదాకా తెచ్చింది.

నేను చెప్పలేదు. కానీ పెద్ద నర్సమ్మ గుమ్మంలోంచి చూసింది. ఆమె కోపానికి డాక్టరే జంకేవాడు. వచ్చి, నోటి దగ్గరే అక్క చెయ్యి పట్టుకుని, నల్లా కిందికి తీసుకుపోయింది. సబ్బు రుద్దింది. అక్క నెత్తురు పిండబోతే వద్దంది. నీళ్లు అట్లా పోతూనే ఉన్నాయి.

"నాక్కూడ గుచ్చుకున్నది, గిట్లనే నేర్చుకునేటప్పుడు. తిడతరని దాసిపెట్టిన. కామెర్లు ముదిరినంక బయటపడ్డది. నువ్వు గట్ల చెయ్యకు."

డాక్టరుకు తనే చెప్పింది. ఆ తర్వాత నెలల తరబడి అక్కను కిటికీ వెలుగులో నిలబెట్టి, రెప్ప కిందికి లాగి, కళ్లు పచ్చబడ్డాయేమో చూసేది. పచ్చబడలేదు. అక్క మగ్గం మీదికీ రాలేదు.

ఇప్పుడు మీకు టీకాలున్నాయి, మందులున్నాయి. ఆలస్యమైతే ఆ మందులు పనిచేయవంటారు. అందుకే ఫోన్ పెట్టేసి, చెయ్యి కడుక్కుని, పోయి చెప్పు. తిడితే తిట్టనీ. ఇప్పటికీ ఎవరికి దెబ్బ తగిలినా, ఎట్లా తగిలిందని అడగకముందే నేను వాళ్ల చెయ్యి పట్టుకుంటాను.

ఆ రోజు నర్సమ్మను నేనొకటి అడిగాను. ఆమె నల్లా కట్టేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నా నుదురు తాకి చూసింది.

"అమ్మా, మరి అప్పుడు నీ చెయ్యి ఎవరు కడిగిన్రు?"